మా మామ పేరు ముందట ‘లేట్’

మొన్న ఆదివారం నేనేం జేసిన్నో ఎర్కేనా? మా మామను సంపిన. ఒక్కసారి గాదు, నూటయాభై సార్లు! సొంత అల్లున్నయ్యుండి, సొంత మగ్గం మీద, సొంత ఇంగ్లీషుతోని సంపిన. గాబరా వడకుండ్రి, మనిషి మంచిగనే ఉన్నడు. షుగరున్నోడు, ఆ దినం నాలుగు బూంది లడ్డూలు తిన్నడు. ముందుగాల చాయ్ చెప్పుండ్రి, మొత్తం చెప్త. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వుకోండ్రి. మధ్యల నవ్వితే మాత్రం నేను లేసి పోత.

నీలం నగర్ల నా షెడ్డు మీరు చూసిందే. రెండే మగ్గాలు. టవళ్లు, న్యాప్‌కిన్‌లు అందరు నేస్తరు, గండ్ల గొప్పేముంది? నా గిరాకీ అంత పేరు టవళ్లది. పెండ్లయినా, వాస్తుశాంతయినా, ఇంట్ల పోయినోళ్ల సంవత్సరీకమయినా, తిని పోయేటోళ్లకు ఒక్కో టవల్ చేతిల పెట్టుడు మా షోలాపూర్ రివాజు. ఆ టవల్ మీద ఇంటోళ్ల పేరుండాలె. అచ్చు గుద్దుడు గాదు, నేసుడు. ఆ పేర్లకు జకార్డు అట్టలు కొట్టేది నేనే. పన్నెండో తర్గతి దాక ఇంగ్లీషు మీడియం సదివిన్నాయె! అశోక్ చౌక్‌ల నిలబడితే ఏ దుకాణం బోర్డు మీద చూసినా నాకు తప్పులే కండ్ల వడ్తయ్. చూసి ఊకుంటనా? దుకాణపోన్ని బయటికి పిలిచి మరీ చెప్త. వాళ్లు నన్ను చూస్తనే షట్టర్ కిందికి గుంజుతరు, అది వేరే ముచ్చట.

అన్ని తప్పులు ఒకెత్తు, ఈ ‘లేట్’ అనే మాట ఒకెత్తు. మనోళ్లకు దీని మోజు చూస్తే నాకు ఒళ్లు మండుతది. మొదట్ల మంచిగ కీ.శే. అని రాసుకుంటుంటిమి. మరాఠోళ్లు కై. అని రాస్తరు. ఇప్పుడు అందరికి ఇంగ్లీషే గావాలె. బతికున్నన్ని దినాలు ఆ ముసలాయనకు ఒక్కడు బుక్కెడు మంచినీళ్లియ్యడు. సచ్చిన తెల్లారి పేరు ముందట లేట్! పెద్ద డిగ్రీ పాసయినట్టు! ఆటో యెన్క లేట్, ఫ్లెక్సీ మీద లేట్, పెండ్లి కార్డుల మీద వరుసబెట్టి ఐదుగురు లేట్‌లు. బతికున్న పెండ్లికొడుకు పేరు ఏ మూలకుందో భూతద్దం వెట్టి ఎతుక్కోవాలె.

నెల కింద ఒకాయన వచ్చిండు. వాళ్ల తాత పేరు మీద టవళ్లు గావాల్నట.

"పేరు ముందట లేట్ వెట్టు సీనన్నా, జర పెద్దగ."

"తాత ఎప్పుడు పోయిండు?"

"నలభై ఏండ్లయితుంది."

ఇగ నాకు మస్తు జోష్ వచ్చింది. మగ్గం బంద్ జేయించి మరీ చెప్పిన. "ఇను. లేట్ అంటే ఈ మధ్య పోయినోళ్లకు వెడ్తరు. పోయిన ముచ్చట అందరికి తెల్వదు గదా, గా తెల్వనోళ్లకు ఎర్కయేటందుకు. పాత రాజులు అంతమంది పోయిన్రు, ఎవలికన్న లేట్ అని రాసిన్రా పుస్తకంల? మీ తాత పోయిండని తెల్వనోడు ఈ షహర్‌ల ఇంక ఎవడున్నడు?"

"పెట్టకపోతే మా తాత ఇంక బతికే ఉన్నడనుకుంటరు గదా!"

"బతికుంటే నూటపది ఏండ్లుండాలె గదా ఆయనకు!"

ఆయన మొఖం మాడ్చుకున్నడు. "పక్కింటోళ్ల తాతకు పెట్టినవ్. మా తాతకెందుకు వెట్టవ్? మా తాత ఏమన్న తక్కువ సచ్చిండా?"

నవ్వి నవ్వి కడుపు వట్టుకున్న. ఆయన ముందటనే నవ్విన. అట్టలైతే కొట్టిచ్చిన, గాని ఆ వారమంత కలిసినోనికల్ల ఈ ముచ్చట చెప్పి, లోకంల నా అసొంటి తెలివిగల్లోడు లేడన్నట్టు తిరిగిన.

ఇగ అసలు సంగతికొస్త. మీకు తెల్వనిదొకటున్నది. ఏడాది సంది మా పద్మ, అంటే నా పెండ్లాం, తల్లిగారింటికి పోలే. నా వల్లనే. పోయినేడు మా మామ శంకరయ్య ఇంటి మీద ఇంకో అంతస్తు ఎక్కించి వాస్తుశాంతి జేసిండు. కార్డు ఇంగ్లీషుల కొట్టిచ్చిండు. కొట్టిచ్చినోడు కొట్టిచ్చినట్టుండక నా చేతికిచ్చి, "ఎట్లుంది అల్లుడా?" అన్నడు. నేనేం జేసిన? మైకు అందుకున్న. చుట్టాల ముందట, కులపెద్దల ముందట, కార్డుల ఉన్న తప్పులు ఒక్కొక్కటి సదివి, దిద్ది, నవ్విచ్చిన. ఆరు తప్పులు! అందరు నవ్విన్రు. మామ ఒక్కడే నవ్వలే. ఆ కార్డు ఆయనే రాసిండని, ఏడో తర్గతి సదివిన మనిషి డిక్షనరీ ముందట వెట్టుకోని నాలుగు దినాలు కూసోని రాసిండని తర్వాత తెలిసింది. ఇగ అంతే. ఆ దినం నుంచి మామ నాతోని మాట్లాడుడు బంద్. "నా మొగన్ని పిలువని ఇంటికి నేను రాను" అని పద్మ గూడ పోవుడు బంద్ జేసింది. పౌరుషం కొద్ది పోలే గాని, పండుగ పండుగకు వంటింట్ల కండ్లు తుడుసుకునుడు నేను చూస్తనే ఉంటి.

గసొంటిది, నెల కింద మామ తానే కబురు వెట్టిండు. అరవై ఒకటి నిండుతున్నయని ఏకసష్ఠి, అంటే మరాఠోళ్ల షష్టిపూర్తి, జేస్కుంటున్నడు. వాస్తుశాంతికి ముందుగాలనే గుండెకు స్టెంటు వేసిన్రు, బతికి బయటవడ్డ అని సంబురం. "టవళ్లు మా అల్లుడే నెయ్యాలె" అన్నడట. పద్మ ఫోన్ పెట్టి నా దిక్కు తిరిగింది.

"ఇగో, చెప్తున్న. ఈ ఒక్క పని సక్కగ చెయ్యి. మా ఇంటికాడ నీ ఇంగ్లీషు తియ్యకు. ఈసారి చెడితే నేను మళ్ల ఆ గడప తొక్కలేను. తెలిసిందా?"

"నూటయాభై టవళ్లే! నా ఎడమ చేతి పని" అన్న.

మామ ఒక కాయిదం పంపిండు. ఆయన పేరు, కింద 61. ఆ అరవై ఒకటి పక్కన ఇంగ్లీషుల ఒక తోక పెట్టిండు, తప్పు తోక, ‘st’ ఉండాల్సిన కాడ ‘th’. అది చూస్తనే నాకు పండుగే! నోరైతే ఎత్తలే, పద్మకు మాటిచ్చిన గదా. గాని ఆ తోక తీసేసి అంకె అందంగ ఎట్ల రావాలె, ఎంత పెద్దగుండాలె అని రెండు దినాలు దాని మీదనే కూసున్న. చిన్న తప్పు దిద్దుకుంట ఎంత మురిసిపోయిన్నో ఏం చెప్పాలె!

జకార్డు పని మీలో కొందరికి తెల్వదు గదా, ఒక ముక్క చెప్త. పేరు ఎట్ల నేసుకపోవాల్నో బొక్కలు కొట్టిన అట్టలు చెప్తయ్ మిషినుకు. ఆ అట్టలు దండ లెక్క ఒకదానికొకటి కుట్టి పైన ఏలాడదీస్తం. ఆర్డర్ మారినప్పుడల్ల దండ మొత్తం ఇప్పం. పేరున్న అట్టలు తీసేసి, కొత్త పేరు అట్టలు కుడ్తం. నేనింక తెలివిగల్లోన్ని. సంవత్సరీకాల గిరాకీ ఎక్కువ గదా, మాటిమాటికి ఎందుకని ‘లేట్’ అనే మీది వరుస అట్టలు ఎప్పటికి దండలనే ఉంచుత. శుభకార్యం ఆర్డర్ వస్తే మాత్రం గవి తీసి పక్కన వెట్టాలె. ఎవలు తియ్యాలె? నేనే. తీసిన్నా? నూటపది ఏండ్ల తాత పేరు తీసిన. మామ పేరు కుట్టిన. కింద 61 కుట్టిన. దాన్ని చూసి మురిసిన. ఇంటికి పోయి పండుకున్న.

మగ్గం నడిపేది నర్సయ్య కాక. మామ, ఆయన వయసుల ఉన్నప్పుడు ఒక్క కార్ఖానల పక్కపక్క మగ్గాల మీద పనిజేసిన్రు. పానం పానం దోస్తులు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ఆయన ఇటు, మామ అటు బీడీలోళ్ల కాలనీ విడీ ఘర్కుల్‌ల, కలుసుడు తక్కువైంది. కాకకు ఇంగ్లీషు రాదు. గాని ఈ షెడ్డుల పదేండ్ల సంది నేస్తున్నడు గదా, లేట్ అన్న నాలుగక్షరాలు మాత్రం గుర్తువడ్తడు. అంకెలు సదువుతడు. ఆయనకు నేను చెప్పింది రెండే రెండు మాటలు. "కాకా, ఇది మా మామ పని, మంచిగ నెయ్యి. ఆదివారం ఆయన ఇంటికాడ భోజనాలున్నయ్, మీ పాత దోస్తులందర్ని తోల్కరా." ఎందుకు భోజనాలు? చెప్పలే! పక్క మగ్గం పోగు తెగితే ఆ తొందరల పోయిన.

మూడో దినం షెడ్డుకు పోతే కాక మగ్గం ఆపి నిలబడ్డడు. కండ్లు ఎర్రగున్నయ్. నూలు దుమ్ము వడ్డదేమో అనుకున్న.

"సీనూ... నిజమేనా బిడ్డా?"

"నిజమే కాకా. ఆదివారమే."

"నీ మనసెట్లున్నదిరా?"

నేను సంధి ముచ్చట అనుకున్న. "నా మనసుకేంది కాకా! ఏడాది సంది గిదే గదా కోరుకుంటున్న. ఎప్పుడైతదా, ఎప్పుడైతదా అని దినాలు లెక్కవెట్టుకున్న."

కాక స్టూలు మీద కూలవడ్డడు. "మరి పద్మ?"

"పద్మనా? పాటలు పాడుకుంట తిరుగుతుంది. రెండు కొత్త చీరలు తెచ్చుకున్నది."

"అయ్యో రామా! మీ అత్త?"

"అత్తమ్మకు తీరికేడిది? లడ్డూలకు బూంది దూస్తుంది."

కాక రుమాలు మొఖానికి అడ్డం వెట్టుకున్నడు. "అరవై ఒకటికే..." అన్నడు. "అవ్ కాకా, ఎంత తొందరగ వచ్చె!" అని నేను బయటవడ్డ. కలికాలం, కలికాలం అని యెన్క నుంచి గొణుగుడు ఇనవడ్డది. నూలు రేటు సంగతేమో అనుకున్న.

శనివారం మాపటికి మూటలు తయ్యారున్నయ్. మా షెడ్డుల ఒక పద్ధతి ఉన్నది. శుభకార్యం టవల్ అయితే పేరు మీదికి వచ్చేటట్టు మడుస్తం. పోయినోళ్లదైతే పేరు మీద కాలు, చెయ్యి వడొద్దని లోపలికి మడుస్తం. కాక అన్ని లోపలికి మడిచిండు. నేను చూసిన. మీరే చెప్పుండ్రి, అప్పుడన్న సోయి రావాలె గదా? "మడత మంచిగుంది" అనుకున్న! తెలివి!

ఇంట్ల పద్మ అడిగింది. "ఒక్కటి ఇప్పి చూడరాదు?"

"నా ఇంగ్లీషుల తప్పు ఎతుకుతవా?" అన్న. రొమ్ము ఇరుసుకోని అన్న.

ఆదివారం పొద్దుగాల తొమ్మిదిటికి పోయినం. మామ ఇంటి ముందట షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. పద్మ గడపకు మొక్కి లోపలికి పోయింది. అత్తమ్మ దాన్ని వట్టుకోని ఏడుసుడు, ఇది అత్తమ్మను వట్టుకోని ఏడుసుడు. ఏడాది సంది కలువని తల్లీబిడ్డలాయె! మామ తానం జేస్తుండెనట. నేను మూటలు దింపి కుర్చీల కాలు మీద కాలేసుకోని కూసున్న. పెద్ద అల్లున్ని!

గప్పుడు గల్లీ మూల మీదికెళ్లి వచ్చిండు నర్సయ్య కాక. యెన్క ఐదుగురు ముసలోళ్లు. చెప్పులు ఇడిసిన్రు. అందరి చేతిల పూలదండలు. తలకాయలు కిందికేసుకోని, ఒక్క మాట లేకుండ నడుస్తున్నరు. షామియానా చూసిన్రు. లోపల ఆడోళ్ల ఏడుపు ఇన్నరు. ఇంకేం సాక్ష్యం గావాలె?

అత్తమ్మ కండ్లు తుడుసుకుంట బయటికొచ్చి "రాండ్రి అన్నా" అన్నదో లేదో, కాక ఒక్కటే కేక. "చెల్లే! ఎంత పని జరిగెనే! నాకొక్క మాట చెప్పకపోతిరి! ఆఖరు సూపు గూడ లేకపాయె!"

అది మామూలు గల్లీ గాదు గదా, విడీ ఘర్కుల్. ఇంటింటికి బీడీలు చుట్టే ఆడోళ్లు వాకిట్లనే కూసుంటరు. కాక కేక ఇన్నరు. చాటలు పక్కకు వెట్టిన్రు. "శంకరయ్య అన్న పోయిండంట!" అని ఒక్క తీర్గ ఉరికొచ్చిన్రు. ఇద్దరు ఇంటికి రాకముందే శోకాలు మొదలువెట్టిన్రు. అత్తమ్మకు ఏం సమజ్ గాలే, గాని ఇంతమంది ఏడుస్తుంటే తాను ఏడవకుంటే బాగుండదని ఆమె గూడ అందుకున్నది. ఒక మరాఠీ పక్కింటామె "కాయ్ ఝాలం, కాయ్ ఝాలం" అని, ఏమైందని అడిగి, జవాబు ఇనకుండనే ఏడ్సింది. నేను మాత్రం కుర్చీల కూసోని చూస్తున్న. ‘ఈ కాలనీల ఎవలో పోయిన్రు, ఇయ్యాలనే పోవాల్నా, మన ఫంక్షన్ ఖరాబ్ జేసిన్రు’ అని లోపల తిట్టుకుంటున్న గూడ!

తలుపు తీసుకోని మామ బయటికొచ్చిండు. నడుముకు తువ్వాల, చెవుల్ల సబ్బు నురుగ.

"ఏందే ఈ లొల్లి? ఎవడు సచ్చిండురా నర్సిగా?"

కాక చేతిల దండ జారి కిందవడ్డది. "నువ్వేరా శంకరిగా!"

ఐదుగురు ముసలోళ్లల్ల ఒకాయన అక్కడికెళ్లే యెన్కకు తిరిగి ఉరికిండు. మోకాళ్ల నొప్పులున్నోడే.

"నేనా? నేను సచ్చిన అని ఎవడు చెప్పిండు?"

"ఎవడో చెప్తే నమ్మేటోన్నా? నా చేతులతోని నేసిన. ఒకసారి గాదు, నూటయాభై సార్లు నేసిన! ఒక్కో టవల్‌కు ఒక్కోసారి ఏడ్సిన!"

అందరు నా దిక్కు తిరిగిన్రు. అప్పుడు దిగింది నా కాలు మీదికెళ్లి కాలు. అట్టల దండ, నేను తియ్యని మీది వరుస, అన్ని ఒక్కసారి కండ్ల ముందట తిరిగినయ్.

"ఇప్పు" అన్నడు మామ.

ఇప్పిన. మడత తీసిన. మీద ఎర్ర నూలుతోని, ఎంత సక్కగ వచ్చిందనుకున్నరు, ‘లేట్’. కింద ‘శ్రీ శంకరయ్య’. దాని కింద నేను రెండు దినాలు కూసోని దిద్దిన 61. ఒక్క తప్పు లేదు అంకెల.

అత్తమ్మ చూసి "నా పసుపు కుంకుమలు!" అని మెడల పుస్తెలు కండ్లకద్దుకున్నది. గప్పుడన్న నోరు మూసుకోవాలె గదా నేను? "మామా, అసలైతే లేట్ అనేది..." అని మొదలువెట్టిన!

"నోరు ముయ్యి!" అన్నది పద్మ.

ఆమె దిక్కు చూసిన. అత్తమ్మ కొంగు చివర గట్టిగ వట్టుకోని నిలబడ్డది, చిన్నపిల్ల వట్టుకున్నట్టు. ఈ ఇల్లు మళ్ల బంద్ అయితదని భయం. ఇగ నాకు నవ్వులాట ఎగిరిపోయింది. నిజంగ సిగ్గైంది. ఎంత మందిని ఎక్కిరించిన, ఒక్కనాడన్న ఇంత సిగ్గు గాలే. మామ కాళ్ల మీద వడ్డ. "తప్పయింది మామా. నన్నేమన్న అను, పద్మను మాత్రం ఏమనకు."

మామ టవల్ చేతిల తీసుకున్నడు. నేత మనిషి గదా, ముందుగాల అంచు వట్టి చూసిండు, నేత నొక్కి చూసిండు. తర్వాత అడిగిండు.

"పోయినేడు నా కార్డుల ఎన్ని తప్పులు వట్టినవ్ అల్లుడా?"

"ఆరు మామా."

"మరి ఈ టవల్ల ఎన్ని?"

"ఒక్కటే."

"మరి నా ఆరు తప్పులల్ల మనిషి ఎవడన్న సచ్చిండా?"

ముందుగాల నర్సయ్య కాక నవ్విండు. ఆయెన్క బీడీలోళ్లు. శోకాలు వెట్టిన నోర్లతోనే ఇరగవడి నవ్విన్రు. మామ గూడ నవ్విండు, స్టెంటు మీద చెయ్యి వెట్టుకోని నవ్విండు. "అందరికి శకునం చెప్పే బల్లి కుడితిల వడ్డది" అని అత్తమ్మ అన్నది గాని, ఆమె గూడ నవ్వుకుంటనే అన్నది.

"పంచుండ్రి" అన్నడు మామ. "రేపు నిజంగ పోయినంక మళ్ల నేయించే పని తప్పింది."

అత్తమ్మ ఒప్పుకుంటదా? ఇగ ఆ బీడీల ఆడోళ్లు ఇండ్లకు పోయి ఆకు కత్తిరించే కత్తెరలు తెచ్చిన్రు. యెన్క పోగులు కోసి, మీది అక్షరాలు గోటితోని గుంజితే వస్తయ్. చుట్టు వాళ్లు, నడుమ నేను. షామియానా కింద మామకు హారతి ఇస్తున్నరు, సన్మానం జేస్తున్నరు, జనం లడ్డూలు తింటున్నరు. నేను తలకాయ వంచి ఒక్కో టవల్ మీదికెళ్లి లేట్ పీకుతున్న. "ఏం అల్లుడా, ఇంగ్లీషు బడి ఎప్పుడు వెడ్తున్నవ్?" అని ఒకామె. "ఏ జీ, ఈ అక్షరం పేరేంది, కొయ్యాల్నా ఉంచాల్నా?" అని ఇంకొకామె. మూడు గంటల దాక తిండి లేదు నాకు. పద్మ ఒక్కసారి పళ్లెం వట్టుకోని వచ్చి, నా మొఖం చూసి, నవ్వు ఆగక మళ్ల లోపలికి ఉరికింది. పళ్లెం గూడ తీస్కపోయింది.

పద్మ అక్కడనే ఎనిమిది దినాలున్నది. ఏడాది బాకీ అంతా తల్లితోని మాట్లాడుకున్నది. ఇప్పుడు ఏ ఆదివారం పిలిచినా పోతది. నన్ను గూడ పిలుస్తరు. పోకపోతే ఊకోరు, నేను పోతేనే గదా వాళ్లకు నవ్వుతందుకు ఉండేది.

ఇగ మామ సంగతా? ఏడాది మాట్లాడనోడు ఇప్పుడు రోజూ ఫోన్ జేస్తడు. పొద్దుగాల ఆరున్నరకు, నేను సగం నిద్రల ఉంట.

"అల్లుడా, ఇయ్యాల గూడ నేను బతికే ఉన్న. రాసుకో" అంటడు. టక్కున పెట్టేస్తడు.

నేను లేసి కూసోని, పెట్టేసిన ఫోన్‌కే "మంచిది మామా" అంట. గుడ్ మార్నింగ్ అందామన్నా నోరు వస్తలేదు.